‘సువార్త కోసం మాత్రమే’ అన్న మాట కొట్టేయండి: చిత్తూరులోని మా సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అయ్యగారికి, సంఘ పెద్దలకు, యవ్వనస్థుల కూడిక నడిపే తమ్ముళ్లకు,

వందనాలు. మన యవ్వనస్థులకు పంచి సంతకాలు పెట్టించిన తీర్మానాల కాగితం సంగతి కమిటీలో రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ ‘చూద్దాం బ్రదర్’ అన్నారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఇలాంటి కాగితాలు పక్క సంఘాల్లో కూడా పంచుతున్నారని విన్నాను కాబట్టి, వాళ్లూ చదివితే మంచిదే.

పోయిన నెల మా మనవడు తిరుపతి నుంచి ఇంటికొచ్చాడు. అక్కడ రూమ్ తీసుకుని పీజీ చదువుతున్నాడు. అన్నం తింటూ మాటల్లో మాటగా ‘తాతా, రూమ్ మారినాను’ అన్నాడు. అద్దె పెంచినారా అంటే కాదన్నాడు. రెండేళ్లుగా కలిసున్న పిల్లోడు ఒకడు ఉండేవాడు, పీలేరు వైపు వాడు. వాళ్లమ్మ పంపే చింతకాయ పచ్చడి మా ఇంటికి కూడా ఒక సీసా వచ్చేది. వాడితో ఏమన్నా గొడవా అన్నాను. గొడవేం లేదట. బ్యాగులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. మీరు పంచిన కాగితమే. పది తీర్మానాలు. ఆరోది ఇది: ‘నాకు అవిశ్వాసులతో స్నేహం ఉండదు. ఉన్నా అది సువార్త కోసం మాత్రమే.’ కింద మావాడి సంతకం.

‘మరి వాడికి సువార్త చెప్పినావా?’ అని అడిగాను.

‘చెప్పినాను తాతా. వాడు వినలేదు. అందుకే మారినాను.’

ఆ ‘అందుకే’ దగ్గర నాకు ముద్ద దిగలేదు. కోపం పిల్లోడి మీద కాదు, వాడు మీరు చెప్పింది తు.చ. తప్పకుండా చేశాడు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. వాక్యం మీకంటే ఎక్కువ తెలుసని ఈ లేఖ రాయడం లేదు. అయితే ఆ తీర్మానం పక్కన మీరు వేసిన వాక్యం, ‘మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి’ అన్నది, నాకు వేరే రకంగా తెలుసు. ఎందుకంటే నేను ఒక ‘అవిశ్వాసి’తో తొమ్మిదేళ్లు జోడుగానే పనిచేశాను. ఒకే బస్సు, ఒకే డ్యూటీ. నేను స్టీరింగు మీద, అతను టిక్కెట్ల మీద. డిపోలో అందరూ అతణ్ణి ‘సామి’ అనేవాళ్లు. నుదుట నామం లేకుండా డ్యూటీ ఎక్కడు. శనివారం ముక్క ముట్టడు. ఏడాదికి ఒక్కసారైనా అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు పోకపోతే అతనికి ఆ ఏడు గడిచినట్టుండదు.

ఇంతవరకు సంఘంలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1999లో మాకు పుంగనూరు వైపు ఒక పల్లెకు నైట్ హాల్ట్ డ్యూటీ పడింది. రాత్రి తొమ్మిదికి బస్సు రచ్చబండ దగ్గర పెట్టి, అందులోనే సీట్ల మధ్య పడుకుని, తెల్లారి అయిదున్నరకు తీయాలి. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, అన్నీ ఆ బస్సుకే. ఆ రోజుల్లో నాకు తాగుడు అలవాటైంది. మొదట నైట్ హాల్టులో నిద్ర పట్టడానికని ఒక క్వార్టరు. తర్వాత దానికి కారణం అక్కర్లేకపోయింది. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని మన క్వయర్లో రెండో వరసలో నిలబడి పాడేవాణ్ణి. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, బేస్ గొంతు నాదే.

ఒక రాత్రి సామి నా సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, గట్టు పక్కన నిదానంగా వంచేశాడు. నేను లేచి అతని చొక్కా పట్టుకున్నాను. అతను చొక్కా వదిలించుకోలేదు. ‘డ్రైవరన్నా, తెల్లారి నలభై మంది ఎక్కుతారు. ఎవురికీ నీ సంగతి తెల్దు, నాకు తెల్సు. నీ నోట్లో వాసనుంటే నేను బెల్లు కొట్టను. బస్సు ఆడే ఉంటాది. డిపోలో ఏం రాసుకుంటారో రాసుకోనీ’ అన్నాడు. బస్సు కదలాలంటే కండక్టరు రెండు బెల్లులు కొట్టాలి. అతను కొట్టనంటే కొట్టడు. ఆ రాత్రంతా అతనితో మాట్లాడలేదు. తెల్లారి బోరింగు దగ్గర మొహం కడుక్కుని వస్తే, దగ్గరికొచ్చి పోలీసు మాదిరి నా మొహం మీదకు వంగి వాసన చూశాడు. తర్వాత పోయి రెండు బెల్లులు కొట్టాడు. అట్లా ఎన్ని రోజులు చూశాడో లెక్క లేదు. ఒక ఏడాదైతే ఉంటుంది.

డిపోలో ఒక్క మాట చెప్పుంటే నన్ను సస్పెండ్ చేసేవాళ్లు. చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటే ఏదో ఒక రోజు ఘాట్ మలుపులో ఏం జరిగేదో. ఆ రెండూ చేయలేదు అతను. ‘మేలును కోరి స్నేహితుడు గాయములు చేయును’ అని సామెతల గ్రంథం 27లో చదివినప్పుడల్లా నాకు ఆ గట్టు, తడి మట్టి వాసన, సీసా గుడగుడ గుర్తొస్తాయి. మన సంఘంలో నాకు అప్పటికే పదిహేనేళ్లుగా బ్రదర్స్ ఉన్నారు. నా నోటి వాసన పట్టేంత దగ్గరికి వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు. నిష్ఠూరం కాదు ఇది. నేనూ ఎవరి దగ్గరికీ పోలేదు.

ఇప్పుడు కొండ లడ్డు సంగతి. మన జిల్లాలో, తిరుపతి పక్కన బతికే ప్రతి విశ్వాసికీ ఈ చిక్కు తెలుసు. ఆఫీసులో, డిపోలో, పక్కింట్లో ఎవరో ఒకరు కొండకు పోయొస్తారు, లడ్డు పంచుతారు. తీసుకోవాలా వద్దా, తీసుకుని ఎవరికైనా ఇవ్వాలా, ఏం చెప్పి వద్దనాలి, అంతా టెన్షనే. సామి మొదటిసారి కొండనుంచి వచ్చినప్పుడు నాకూ చేయి చాపాడు. నేను నీళ్లు నమిలాను. అతను ఒక్క క్షణం నా మొహం చూసి, లడ్డు వెనక్కి తీసుకుని క్లీనరు కుర్రాడికి ఇచ్చేశాడు. ఏమీ అనలేదు. మరుసటి ఏడాది కొండనుంచి వచ్చినప్పుడు అందరికీ లడ్డు, నాకు మాత్రం వేరే పొట్లం. ‘ఇది కొండది కాదులే అన్నా, తిరుపతి బస్టాండులో కొన్న కోవా’ అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ పొట్లం వస్తూనే ఉంది. లడ్డు ఎందుకు తీసుకోలేదో నేనెప్పుడూ అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు. నా మనస్సాక్షిని నాకంటే జాగ్రత్తగా అతనే కాపాడాడు.

మా ఇంట్లోనూ ఒక సత్తు దబర ఉంది. అందులో మేం ఎప్పుడూ మాంసం వండం. అది సామిది. 2021లో క్రిస్మస్ శనివారం వచ్చింది. మా ఇల్లంతా బిర్యానీ వాసన. నా భార్య ముందు రోజే ఆ దబరలో వెజ్ బిర్యానీ వేరేగా, వేరే గరిటెతో వండి మూత పెట్టింది. అతను వచ్చి, ప్రార్థన అయ్యేదాకా తలవంచుకుని కూర్చుని, తర్వాత మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు ఊరి సంఘానికి రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, పదో అధ్యాయంలో సరిగ్గా ఇదే చిక్కు ఉంది. అవిశ్వాసుల్లో ఒకడు విందుకు పిలిస్తే, మీకు పోవాలని ఉంటే పోండి, వడ్డించింది ఏ విచారణా చేయక తినండి అన్నాడు. ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. లడ్డు దగ్గర నేను పాటించింది ఈ రెండో మాటే. కానీ మొదటి మాట చూడండి. విగ్రహాలకు మొక్కేవాళ్ల ఇళ్లనుంచి భోజనానికి పిలుపు వచ్చేంత దగ్గరితనం కొరింథు విశ్వాసులకు ఉందనే పౌలు లెక్క. ఆ పిలుపు రానీయొద్దు అనలేదు ఆయన. అదే పత్రిక అయిదో అధ్యాయంలో, లోకంలోని పాపులతో అసలే కలవొద్దని నేను అనలేదు, అట్లయితే మీరు లోకంలోనుంచే వెళ్లిపోవలసి వస్తుంది గదా అన్నాడు. మరి ఆయనే రెండో పత్రికలో ‘జోడుగా ఉండకుడి’ అన్నప్పుడు ఆ రెండూ మరిచిపోయి అన్నాడా? జోడు అంటే కాడి. ఎద్దునూ గాడిదనూ ఒకే కాడికి కట్టి దున్నకూడదని ద్వితీయోపదేశకాండంలో ఉన్నది గుర్తు చేసుకోండి. ఎవరు ఎటు లాగితే అటు పోవాల్సిన కట్టు అది. పెళ్లికి చెప్పండి, ఒప్పుకుంటాను. ఆరాధనకు చెప్పండి, ఒప్పుకుంటాను. ఒకే రూమ్‌లో ఉండి, ఒకే పచ్చడి సీసాలో స్పూను పెట్టే ఇద్దరు పిల్లోళ్లకు ఆ కాడి ఎట్లా తగిలించారో నాకు అర్థం కాలేదు.

అయ్యగారూ, మీ భయం నాకు తెలియక కాదు. మీరు వచ్చిన ఈ నాలుగేళ్లలో మన పిల్లలు ఇద్దరు గంజాయి బ్యాచ్‌లో పడి చదువు పోగొట్టుకున్నారు. వాళ్ల తల్లులతో కూర్చుని మీరు ఏడ్చింది నేను చూశాను. ‘దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును’ అన్నది అక్షరాలా నిజం. కానీ ఆ ఇద్దర్నీ ఆ బ్యాచ్‌లోకి తీసుకుపోయింది మన సంఘం పిల్లోడే కదా! మీకూ తెలుసు, నాకూ తెలుసు. సాంగత్యం దుష్టమా కాదా అన్నది బాప్తిస్మం సర్టిఫికెట్టు చూసి తేలదు.

తీర్మానంలో మొదటి వాక్యంకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది రెండోది. ‘ఉన్నా అది సువార్త కోసం మాత్రమే.’ మన ఊళ్లో ఎవరైనా ‘వీళ్లు స్నేహం ముసుగులో మతం మార్చడానికి వస్తారు’ అంటే మనకు ఎంత రోషం వస్తుంది? అట్లాంటిదేం లేదని గట్టిగా చెబుతాం. ఇప్పుడు ఆ మాట అన్నవాడి చేతికి మన కాగితం దొరికితే ఏం జవాబు చెబుతారు? మన చేత్తో మనమే రాసిచ్చాం. ఇంక నేను సామి ఇంటికి పోయి టీ తాగుతుంటే, అతని కోడలు నన్ను చూసి ‘ఈయన దేనికోసం వచ్చినాడో’ అనుకోదా?

సువార్త చెప్పొద్దని నేను అనడం లేదు. నా నమ్మకం ఏమిటో సామికి తెలుసు, ఇంజిను పక్కన కూర్చుని ఎన్నో రాత్రులు మాట్లాడుకున్నాం. అతను అడిగాడు, నేను చెప్పాను. అతను చెప్పాడు, నేను విన్నాను. అతను మారలేదు. అయినా నేను రూమ్ మారలేదు.

గెత్సేమనే తోటలో యూదా ముద్దు పెట్టుకోవడానికి దగ్గరికి వచ్చినప్పుడు ప్రభువు అతణ్ణి ఏమని పిలిచాడో మత్తయి 26లో చూడండి. ‘చెలికాడా’ అన్నాడు. ఏళ్ల తరబడి తనతో తిరిగి, తిని, అన్నీ విని, ముప్పై వెండి నాణేలకు అమ్మినవాణ్ణి. ఫలితం చూసి స్నేహం చేసేవాడైతే ఆ రాత్రి ఆ పిలుపు నోట రాదు. ఆయన్ను ‘సుంకరులకును పాపులకును స్నేహితుడు’ అని ఊరివాళ్లు వెక్కిరించారు. ఆ పేరును ఆయన ఎక్కడా కొట్టిపారేయలేదు. ఆయన వాళ్ల ఇళ్లకు పోయింది పని మీద మాత్రమే అయితే వాళ్లు అంత సంతోషంగా విందులు చేసేవాళ్లు కాదు. పని మీద వచ్చినవాణ్ణి పల్లెటూరి ముసలమ్మ కూడా ఇట్టే పసిగడుతుంది.

ఈ సందర్భంలో బిషప్ వి.ఎస్. అజరయ్యగారిని తలుచుకోవాలి. పుట్టింది తిరునెల్వేలి సీమలో. మన తెలుగు గడ్డకు, డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుని పనిచేశాడు. 1912లో అక్కడ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అందులో లేచి ఆయన తెల్లదొరల ముఖం మీదే ఒక మాట అన్నాడు. మీరు బీదలకోసం మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలను కాల్చబడడానికి ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని. అంటే బడులు వచ్చాయి, ఆసుపత్రులు వచ్చాయి, గుడ్డలూ బియ్యమూ వచ్చాయి, కానీ మాతో కూర్చుని అన్నం తినే మనిషి రాలేదు అన్నాడు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. ఆయన కట్టించిన డోర్నకల్ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. చూస్తే గుడి మంటపం మాదిరి స్తంభాలు, మసీదు మాదిరి గుమ్మటాలు కనిపిస్తాయి. పక్కవాళ్ల ఇళ్లవైపు చూస్తూ కట్టినట్టుంటుంది.

ఆ రోజు మనవాడు దొరల్ని అడిగింది ఈ రోజు మన పక్కింటివాడు మనల్ని అడిగితే? మెడికల్ క్యాంపు పెడతాం, దుప్పట్లు పంచుతాం, కరపత్రాలు పంచుతాం. మావాడి రూమ్మేటుకు ఇవేవీ అక్కర్లేదు. సెమిస్టరు ఫీజు కట్టే వారంలో చేతులెత్తేస్తే పక్కన ఒకడు ఉండాలి, అంతే. ఆ ఒకడు మన కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

2016లో నా భార్యను వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో చేర్చాను. మూడు వారాలు. సంఘంనుంచి మీరంతా వ్యాన్ కట్టుకుని వచ్చారు, పాట పాడారు, ప్రార్థన చేశారు, ఫొటో తీసుకున్నారు. ఆ ప్రార్థనకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. వెక్కిరించడం లేదు. అయితే ఆ మూడు వారాల్లో డ్యూటీ లేని ప్రతి రోజూ సామి చిత్తూరునుంచి తెల్లవారుజాము బస్సులో క్యారియర్ తెచ్చేవాడు. వరండాలో నా పక్కన కూర్చునేవాడు. మాట్లాడేవాడు కాదు. బైబిల్లో, అన్నీ పోగొట్టుకుని కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాటైనా పలకకుండా నేలమీద కూర్చున్నారని ఉంది కదా. వాళ్లు నోరు తెరిచాకే కదా చెడింది, కూర్చున్నంతసేపూ స్నేహితులే.

ఆమె కోలుకుంది. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాం. సామి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు, గుండుతో. ఏంది సామీ ఇది అంటే ‘ఎండలకి ఊరికేనన్నా’ అన్నాడు. దేవుడు నా భార్యను ఎట్లా బతికించాడో నేను నిలబడి సాక్ష్యం చెబుతుంటే, అప్పుడే మొలుస్తున్న వెంట్రుకల మీద చేయి రాసుకుంటూ విన్నాడు, ఆమేన్ అన్నప్పుడు అందరితోపాటు తలవంచాడు. ఏడాది తర్వాత అతని భార్య నోరు జారితే తెలిసింది. నా భార్య లేచి తిరిగితే తలనీలాలు ఇస్తానని కొండకు మొక్కుకున్నాడట. నాకు చెబితే ఇబ్బంది పడతానని చెప్పలేదు.

ఆ మొక్కును ఏ లెక్కలో వేయాలో నాకు తెలియదు. నా సాక్ష్యం మారలేదు, నన్ను విన్న దేవుడెవరో నాకు తెలుసు. కానీ ‘సువార్త కోసం మాత్రమే’ అన్న కాగితాన్ని ఆ గుండు పక్కన పెట్టి చూస్తే నాకు సిగ్గేస్తుంది.

నేను అడిగేది కొంచెమే. ఆరో తీర్మానం తీసేయండి. తీసేశామని యవ్వనస్థుల కూడికలో అయ్యగారే నోటితో చెప్పాలి, నోటీసు బోర్డు మీద కాదు. సంతకాలు పెట్టిన పిల్లలకు కాగితాలు వెనక్కి ఇచ్చేయండి. మావాడి కాగితం నేను చించలేదు, ఇంట్లో బైబిల్లోనే ఉంది. వాడే చించాలి.

రెండోది మన పెద్దవాళ్ల సంగతి. పురుషుల కూడికలో లెక్కలు, పందిరి, మైకు సెట్టు, వచ్చే స్పీకరు, ఇవి తప్ప ఏం మాట్లాడుకున్నాం ఈ పదేళ్లలో? మనలో తాగుతున్నవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. అప్పుల్లో ఉన్నవాళ్లు ఉన్నారు. ‘ఇక మిమ్మును దాసులని పిలువక స్నేహితులని పిలుచుచున్నాను’ అని ప్రభువు యోహాను 15లో అన్నది ఎందుకంటే, తాను తండ్రివలన విన్నదంతా వాళ్లకు చెప్పాడు కాబట్టి. దాచుకోకపోవడమే ఆయన లెక్కలో స్నేహం. మనం ఒకరికొకరం ‘ప్రైజ్ ద లార్డ్ బ్రదర్, అంతా కృప’ అని తప్ప ఏమీ చెప్పుకోం. నెలకొకసారి అజెండా లేకుండా, మైకు లేకుండా, పది మందిమి ఎవరింట్లోనో కూర్చుందాం. మొదటిసారి మా ఇంట్లో. నా 1999 సంగతి నేనే మొదలుపెడతాను, ఎట్లాగూ ఇక్కడ రాసేశాను కదా.

మూడోది అడగాలా వద్దా అని ఆలోచించాను. మావాడు ఆ పీలేరు పిల్లోడికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేయమన్నాను. అయ్యగారూ, వీలైతే మీరూ ఒకసారి ఆ పిల్లోడితో మాట్లాడండి. సువార్త చెప్పడానికి కాదు. తప్పు మా కాగితానిదని చెప్పడానికి.

ఈ శనివారం సాయంత్రం కమిటీ మీటింగుకు నన్ను రమ్మన్నారు. రాలేను. సామికి మోకాలి ఆపరేషన్ అయి వేలూరులోనే ఉన్నాడు, కొడుకు బెంగళూరునుంచి ఆదివారం గానీ రాడు. ఆ శనివారం తెల్లారి అయిదున్నర బస్సుకు నేను క్యారియర్ తీసుకుపోవాలి. శనివారం కాబట్టి నా భార్య ఆ సత్తు దబర కిందికి దించి తోమి పెట్టింది. మీటింగు ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టుకుంటే వస్తాను.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు,
రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు, చిత్తూరు